బతికున్న కణంలో డై తన అడ్రస్ ఎలా కనుక్కుంటుంది?

మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన నెల్లూరు అమ్మాయి ఈమధ్య నన్ను ఒక ప్రశ్న అడిగింది. రాత్రి తొమ్మిది దాటింది, కాన్ఫోకల్ మైక్రోస్కోప్ గదిలో లైట్లు తీసేసి ఉన్నాయి, తన చేతిలో సిల్వర్ ఫాయిల్ చుట్టిన చిటికెన వేలంత ట్యూబు. ఫాయిల్ మీద మార్కర్‌తో లైసోట్రాకర్ రెడ్ అని రాసుకుంది. "అక్కా, కణంలోకి పోయినాక దీనికి లైసోసోమ్ ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది?"

నేను ఈ డైలతో, అంటే కణంలోని ఒక్కో భాగాన్ని మెరిపించి చూపించే రంగులతో, ఆరేళ్లుగా పని చేస్తున్నాను. మొదటి రెండేళ్లు నాకు ఈ ప్రశ్న తట్టనేలేదు. ట్యూబు మీద మైటో అని ఉంటే మైటోకాండ్రియా, లైసో అని ఉంటే లైసోసోమ్, అంతే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఒకసారి నెలన్నర పని నీళ్లపాలైంది కూడా, అది కింద చెబుతాను. ముందు ఆ అమ్మాయికి చెప్పిన జవాబు: దానికి తెలీదు. ఏ డైకీ తెలీదు.

బెంగళూరులో వాన పడినప్పుడు చూడండి. మత్తికెరెలో పడుతుంది, హెబ్బాళలో పడుతుంది, ఇళ్ల మీదా చెట్ల మీదా రోడ్ల మీదా ఒకేలా పడుతుంది. గంట తర్వాత నీళ్లు నిలిచి కనిపించేది మాత్రం అండర్‌పాసుల్లో. వాన అండర్‌పాసును వెతుక్కుంటూ వెళ్లలేదు, అంతటా పడింది, అక్కడ నిలిచిపోయింది. కణంలో డై సంగతీ ఇంతే. కణమంతా తిరుగుతుంది, లోపలికి వస్తుంది, బయటికి పోతుంది, ఏదో ఒకచోట మాత్రం ఇరుక్కుని తిరిగి రాలేకపోతుంది. అక్కడ పోగుపడి మెరుస్తుంది. అది చూసి మనం ఇదిగో లైసోసోమ్ అంటాం. నిజానికి మనకు కనిపించింది నీళ్లు నిలిచిన గుంట. ఆ గుంట అక్కడ ఎందుకుందో, అలాంటి గుంటే ఇంకోచోట ఉండే వీలుందో లేదో తెలిస్తే తప్ప ఆ ఫోటోను చదవలేం. ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది ఈ ఒక్క విషయమే, మిగతాదంతా దీని వివరం.

మెరవడం అంటే ఏమిటో కొంచెం చెప్పుకుందాం. కిరాణా కొట్లలో నోటు దొంగదా మంచిదా చూడ్డానికి ఊదారంగు లైటు ఒకటి పెట్టుకుంటారు కదా, దాని కింద పెడితే నోటు మీది నంబరు మెరుస్తుంది. ఆ ఇంకులోని అణువులు కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని మింగి, కొన్ని నానోసెకన్లు ఉంచుకుని, కాస్త శక్తిని వేడిగా పోగొట్టుకుని, మిగిలిన దాన్ని కంటికి కనిపించే రంగుగా వదులుతాయి. మింగిన కాంతి కంటే వదిలిన కాంతి ఎరుపు వైపు జరుగుతుంది. 1852లో జార్జ్ స్టోక్స్ మలేరియా మందు క్వినైన్ ద్రావణంలో దీన్ని పట్టుకుని చూపించాడు, ఫ్లోరోసెన్స్ అనే పేరు కూడా ఆయన పెట్టిందే. మనవాళ్లు ప్రతిదీప్తి అంటారు, ల్యాబ్‌లో మాత్రం ఎవరూ అనరు. ఆ రంగు తేడానే మనకు వరం, ఎందుకంటే వేసిన కాంతిని ఫిల్టర్‌తో ఆపేసి తిరిగొచ్చిన కాంతిని మాత్రమే కెమెరాకు పంపొచ్చు. చిమ్మచీకట్లో దీపం పెట్టినట్టు, డై ఉన్నచోట మాత్రమే వెలుగు.

కణాన్ని చంపి ఫార్మాల్డిహైడ్‌తో బిగించి, పొరకు చిల్లులు పెట్టి, యాంటీబాడీలు లోపలికి పంపి ప్రతి కణాంగాన్నీ విడివిడిగా గుర్తుపట్టొచ్చు. అది చాలా నమ్మకమైన పద్ధతి. కానీ అది ఫోటో. పదో తరగతి పుస్తకంలో కణం బొమ్మ గీసి బాణాలు పెట్టాం, అందులో మైటోకాండ్రియా చిక్కుడు గింజలా ఒకచోట కూర్చుని ఉంటుంది. బతికున్న కణంలో మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు, ఎందుకంటే అది గింజ కాదు, దారం. పొడుగ్గా సాగుతుంది, పక్కదానితో అతుక్కుంటుంది, మధ్యలో తెగుతుంది, తెగిన ముక్క పాక్కుంటూ వెళ్లి ఇంకోదాన్ని పట్టుకుంటుంది. ఇదంతా నిమిషాల్లో. దీన్ని చూడాలంటే కణం బతికుండాలి, బతికున్న కణం పొర దాటి యాంటీబాడీ వెళ్లలేదు. అందుకే చిన్న డైలు.

ఇక ఆ అమ్మాయి చేతిలోని ట్యూబు సంగతి.

లైసోసోమ్ అంటే కణంలో చెత్తను అరగదీసే సంచి. 1955లో క్రిస్టియన్ డి డూవ్ దాన్ని కనిపెట్టి ఆ పేరు పెట్టాడు. దాని లోపల పీహెచ్ 4.5 నుంచి 5 దాకా ఉంటుంది, బయట సైటోప్లాజమ్‌లో 7.2. అంటే లోపల ప్రోటాన్లు బయటి కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ. లైసోట్రాకర్ ఒక బలహీనమైన క్షారం. ఛార్జ్ లేనప్పుడు పొరల్ని సులువుగా దాటేస్తుంది, కాబట్టి కణంలోకి వస్తుంది, మైటోకాండ్రియాలోకీ వెళ్తుంది, లైసోసోమ్‌లోకీ వెళ్తుంది. లైసోసోమ్‌లోకి వెళ్లగానే అక్కడున్న ప్రోటాన్ ఒకటి దాన్ని పట్టుకుంటుంది. ఇప్పుడు దానికి ఛార్జ్ వచ్చింది. ఛార్జ్ ఉన్న అణువు కొవ్వు పొరను దాటడం మహా కష్టం. లోపలికి రావడం తేలిక, పోవడం కష్టం, వచ్చినవన్నీ పోగుపడతాయి. చేపల మావు కూడా ఇలాగే పని చేస్తుంది, లోపలికి దారి వెడల్పు, బయటికి దారి ఇరుకు. క్లోరోక్విన్ మాత్ర కూడా కణంలో ఇలాగే లైసోసోముల్లో పోగవుతుంది. ఇలాంటి పదార్థాలకు డి డూవ్ 1974లో లైసోసోమోట్రోపిక్ అని ఒక మాట కూడా తయారు చేశాడు, అదే ఏడాది ఆయనకు నోబెల్ వచ్చింది.

ఈ సంగతి అర్థమైతే మూడు విషయాలు వాటంతటవే బయటపడతాయి. లైసోట్రాకర్ చూపించేది ఆమ్లతను, లైసోసోమ్‌ను కాదు. లైసోసోమ్ కాబోయే ముందు దశలో ఉండే ఎండోసోములు కూడా ఆమ్లంగానే ఉంటాయి, అవీ మెరుస్తాయి. రెండోది, ఇది తనే ఒక క్షారం కాబట్టి ఎక్కువ పోసి ఎక్కువసేపు ఉంచితే లోపలి ఆమ్లాన్ని తనే తగ్గించేస్తుంది, అంటే కొలిచే కర్రే కొలతను మార్చేస్తుంది. 50 నుంచి 75 నానోమోలార్ గాఢత చాలంటారు, నేనైతే అరగంట దాటనివ్వను. ఎక్కువ పోస్తే ఎక్కువ మెరుస్తుందని కొత్తవాళ్లు పోసేస్తుంటారు, అది మానుకోవాలి.

మూడోదే అన్నిటికంటే ముఖ్యం. మీరు కణాలకు ఏదో మందు పెట్టారు, లైసోట్రాకర్ మెరుపు సగానికి పడిపోయింది. లైసోసోములు తగ్గాయని రాస్తారా? లైసోసోమ్‌లోకి ప్రోటాన్లను నెట్టే పంపు ఒకటి ఉంటుంది, దాన్ని ఆపేసే బాఫిలోమైసిన్ అనే పదార్థాన్ని పెట్టి చూడండి, గంటా రెండు గంటల్లో ఎర్ర చుక్కలన్నీ మాయమైపోతాయి. లైసోసోములు ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉన్నాయి, లోపల పులుపు పోయింది. గుంట పూడిపోయింది కాబట్టి నీళ్లు నిలవలేదు. మీ మందు లైసోసోములను తగ్గించిందో, వాటి ఆమ్లాన్ని తగ్గించిందో ఈ ఒక్క డైతో చెప్పడం కుదరదు.

దీనికి విరుగుడు ఉంది, నాకు చాలా ఇష్టమైన పద్ధతి. డెక్స్‌ట్రాన్ అనే చక్కెర గొలుసుకు పీహెచ్‌తో పెద్దగా మారని డై ఒకటి తగిలించి కణాలకు మేతలా వేస్తారు. కణాలు దాన్ని తమ చుట్టూ ఉన్న పోషక ద్రవంతో, అంటే మీడియాతో, పాటు మింగుతాయి, మింగింది మెల్లగా లోపలి సంచుల్లోకి చేరుతుంది. కొన్ని గంటలు తిననిచ్చి, కడిగేసి, రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి అది లైసోసోముల్లో చేరి ఉంటుంది, ఎందుకంటే డెక్స్‌ట్రాన్‌ను మన కణాలు అరిగించుకోలేవు. ఇక్కడ డై చిక్కుకోవడానికి కారణం ఆమ్లం కాదు, మింగిన దారి. కారణం వేరు కాబట్టి ఈ రెండూ ఒకేచోట కనిపిస్తే నమ్మకం కుదురుతుంది.

మైటోకాండ్రియా కథ ఇంకా చిక్కు. అక్కడ గుంటను తవ్వేది ఆమ్లం కాదు, వోల్టేజ్.

మైటోకాండ్రియా లోపలి పొరకు అటూ ఇటూ సుమారు 150 నుంచి 180 మిల్లీవోల్టుల తేడా ఉంటుంది, లోపల రుణావేశం. మిల్లీవోల్టులే కదా అనిపిస్తుంది, కానీ ఆ పొర మందం 5 నానోమీటర్ల చుట్టూ ఉంటుంది, ఆ లెక్కన మీటరుకు 3 కోట్ల వోల్టులు. ధనావేశం ఉండి, ఆ ఆవేశం అణువంతా పరుచుకుని ఉండటం వల్ల కొవ్వు పొరను దాటగలిగే డైలు కొన్ని ఉన్నాయి. రోడమైన్ 123 అలాంటిది, లాన్ బో చెన్ బృందం 1980లో దాన్ని బతికున్న కణాల మైటోకాండ్రియాలో చూపించింది. ఇప్పుడు ఎక్కువగా వాడే టీఎంఆర్‌ఎం కూడా ఆ జాతిదే. నెర్న్‌స్ట్ సూత్రం ప్రకారం ప్రతి 60 మిల్లీవోల్టులకు లోపలి డై గాఢత ఒక పది రెట్లు. కణం బయటి పొర దగ్గర 60 మిల్లీవోల్టులు అనుకుంటే పది రెట్లు, మైటోకాండ్రియా పొర దగ్గర 180 అనుకుంటే వెయ్యి రెట్లు. బయట మీడియాలో 20 నానోమోలార్ పోస్తే సైటోప్లాజమ్‌లో 200 నానోమోలార్, మైటోకాండ్రియా లోపల 200 మైక్రోమోలార్. పదివేల రెట్లు! సొంతంగా ఏమీ తెలియని ఒక అణువు కేవలం ఆవేశం లాగడం వల్ల ఇంత కచ్చితంగా ఒకచోట చేరడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కాబట్టి ఈ డై చెప్పేది, ఇక్కడ వోల్టేజ్ ఉంది అని. కరెంటు పోయిన ఇంట్లో బల్బు వెలగలేదని ఇల్లే లేదంటామా? జబ్బుపడిన మైటోకాండ్రియా, వోల్టేజ్ పోయిన మైటోకాండ్రియా టీఎంఆర్‌ఎంకు కనబడవు. మైటోట్రాకర్ గ్రీన్ వోల్టేజ్‌తో సంబంధం లేకుండా అంటుకుంటుందని పేరు, అయినా లోపలికి చేరడంలో వోల్టేజ్ పాత్ర దానికీ కొంత ఉంది, పూర్తిగా నమ్మడానికి లేదు. మైటోట్రాకర్ రెడ్‌లో ఇంకో సంగతి. అది వోల్టేజ్ వల్లే లోపలికి వెళ్తుంది, వెళ్లాక అక్కడి ప్రోటీన్లకు రసాయనికంగా అతుక్కుపోతుంది, అందుకే తర్వాత కణాన్ని ఫార్మాల్డిహైడ్‌తో బిగించినా రంగు నిలుస్తుంది. అతుక్కుంది కాబట్టి ఆ తర్వాత వోల్టేజ్ పడిపోయినా అది బయటికి రాదు. అంటే అది మీరు డై వేసినప్పటి సంగతి చెబుతుంది, ఫోటో తీసినప్పటి సంగతి కాదు. ఒకే కంపెనీ కేటలాగ్‌లో ఒకే పేజీలో పక్కపక్కనే ఉండే రెండు ట్యూబులు ఇలా వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతాయి.

ఇంకో మెలిక ఉంది, దీని దగ్గర చాలామంది తలకిందులవుతారు. డై మరీ ఎక్కువ పోగైతే అణువులు ఒకదానికొకటి అడ్డొచ్చి మెరుపు తగ్గిపోతుంది, క్వెంచింగ్ అంటారు. ఆ స్థితిలో వోల్టేజ్ పోగొట్టే మందు, ఎఫ్‌సీసీపీ, పోశారనుకోండి, డై బయటికి చెదిరి, ఇరుకు తగ్గి, మెరుపు ఒక్కసారిగా పెరుగుతుంది. తక్కువ డై వేసిన డిష్‌లో అదే ఎఫ్‌సీసీపీ పోస్తే మెరుపు తగ్గుతుంది. ఒకే మందు, ఒకే కణాలు, డై మోతాదు తేడాతో ఫలితం తిరగబడింది. అందుకే టీఎంఆర్‌ఎం ఎంత పోశారో చెప్పకుండా మెరుపు పెరిగింది తగ్గింది అని ఎవరైనా చెబితే నేను ముందుకు వినను, మోతాదు చెప్పమంటాను.

నా నెలన్నర పోయింది ఈ మైటోకాండ్రియా దగ్గరే. అప్పుడు వేరే సంస్థలో ఉన్నాను. ఒక పదార్థం పెట్టిన కణాల్లో మైటోకాండ్రియా దారాలు పూసల్లా తెగిపోతున్నాయి, పెట్టని కణాల్లో దారాలు దారాల్లాగే ఉన్నాయి. మళ్లీ మళ్లీ చేశాను, ప్రతిసారీ అదే. స్లైడ్లు తయారు చేశాను, మీటింగ్‌లో చూపించాను. అప్పుడొక సీనియర్ అడిగారు, రెండు డిష్‌లనూ ఒకేసేపు లేజర్ కింద ఉంచావా అని. ఉంచలేదు. మందు పెట్టని డిష్ పోలిక కోసం ఉంచే కంట్రోలే కదా అని నాలుగు ఫోటోలు తీసి పక్కన పెట్టేదాన్ని, మందు పెట్టిన డిష్‌కు మాత్రం ఏమవుతుందో చూడాలని ఐదు సెకన్లకొకటి చొప్పున పది నిమిషాల వీడియో తీసేదాన్ని. ఆ రాత్రి మందేమీ లేని డిష్‌ను అదే సెట్టింగుల్లో పది నిమిషాలు ఉంచాను. నాలుగో నిమిషంలో దారాల్లో నొక్కులు కనిపించాయి, ఏడో నిమిషానికి పూసలు. మందు చేసిందేమీ లేదు. లేజర్ చేసింది. స్క్రీన్ ముందు కూర్చుని ఆ పూసలను చూస్తుంటే కడుపులో దేవినట్టయింది.

ఎందుకలా అంటే, కాంతిని మింగిన డై అణువు ప్రతిసారీ మర్యాదగా దాన్ని రంగుగా వదిలెయ్యదు. అప్పుడప్పుడూ ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు ఇచ్చేస్తుంది, ఆ ఆక్సిజన్ రెచ్చిపోయి దొరికినదాన్ని కాలుస్తుంది. డై ఎక్కడుంటే కాలేది అక్కడే. మైటోకాండ్రియాలో పోగైన డై మైటోకాండ్రియానే కాలుస్తుంది. లేజర్ పవర్ తగ్గించడం, ఫోటోకీ ఫోటోకీ మధ్య ఎడం పెంచడం, కొంచెం గరగరగా ఉన్న ఫోటోతో సరిపెట్టుకోవడం, ఇవి ఎవరూ ఇష్టపడరు, అందరికీ జర్నల్ కవర్ మీద వేసేంత తళతళలాడే ఫోటో కావాలి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: బతికున్న కణం ఫోటో మరీ అందంగా ఉంటే ఆ కణం ఎన్ని నిమిషాలు బతికిందని అడగాలి.

మిగతా కణాంగాల సంగతి కాస్త వేగంగా. ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ (ఈఆర్) కోసం అమ్మే ఈఆర్-ట్రాకర్ గ్రీన్, రెడ్ డైల లోపల ఉన్నదేమిటో తెలిసినప్పుడు నేను రెండోసారి చదువుకున్నాను: గ్లైబెన్‌క్లమైడ్. షుగర్ మాత్ర! ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బాలో ఈ పేరు చూసినవాళ్లు ఉంటారు. అది పొటాషియం ఛానెళ్లకు చెందిన ఒక గ్రాహకానికి అంటుకుంటుంది, ఆ గ్రాహకాలు ఈఆర్ మీద ఎక్కువగా ఉంటాయి కాబట్టి రంగు తగిలించిన మాత్ర అక్కడ చేరుతుంది. మరి ఇన్సులిన్ తయారు చేసే పాంక్రియాస్ బీటా కణాల్లో అదే మాత్ర అసలు పని చేసేదే బయటి పొర మీది ఛానెళ్ల దగ్గర. అక్కడ ఈ డై వాడితే రంగూ పడుతుంది, మందూ పడుతుంది. ఈఆర్‌కే వాడే పాత డై డీఐఓసీ6, తక్కువ మోతాదులో వేస్తే మైటోకాండ్రియాను చూపిస్తుంది, ఎక్కువ వేస్తే పొంగి ఈఆర్ అంతా పరుచుకుంటుంది. చిన్న వానకు అండర్‌పాస్, పెద్ద వానకు వీధంతా. గాల్జీకి సెరమైడ్ అనే కొవ్వుకు రంగు తగిలించి పంపుతారు, కొవ్వులను సర్దే పని గాల్జీదే కాబట్టి అక్కడ పోగవుతుంది. కొవ్వు బిందువులకు నైల్ రెడ్, అది నీళ్లలో మసకగా, నూనెలో కాంతిగా ఉంటుంది. కేంద్రకానికి హెక్స్ట్ 33342, డీఎన్‌ఏ మెలికల ఇరుకు గాడిలో దూరితే దాదాపు ముప్పై రెట్లు మెరుస్తుంది. దాని చుట్టం డాపీ కూడా అంతే, కానీ బతికున్న కణంలోకి సరిగా వెళ్లలేదు, చచ్చిన కణాల్లోకి జోరుగా వెళ్తుంది.

వెళ్లినదాన్ని కణం ఊరుకుని ఉంచుకుంటుందనీ లేదు. చాలా కణాల బయటి పొరలో మందులను పట్టి బయటికి నెట్టే పంపులు ఉంటాయి, క్యాన్సర్ కణాలు కీమో మందును తట్టుకోవడానికి వాడేవి కూడా వాటినే. హెక్స్ట్‌నూ కొన్ని మైటోకాండ్రియా డైలనూ అవి అదే పనిగా తోడిపోస్తాయి. రెండు రకాల కణాలను పక్కపక్కన పెట్టి ఒకటి మసకగా ఉందంటే, దాని మైటోకాండ్రియా నీరసంగా ఉందా, దాని పంపు గట్టిగా ఉందా? ఆ పంపును ఆపే వెరాపమిల్ పెట్టి చూడాలి.

ఇన్ని తంటాలు ఎందుకు, నిజంగానే అడ్రస్ రాసి పంపలేమా అంటే, పంపగలం. ఒసాము షిమోమురా 1962లో ఒక జెల్లీఫిష్ నుంచి ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ తీశాడు, దాన్నే జీఎఫ్‌పీ అంటారు. 1992లో డగ్లస్ ప్రాషర్ దాని జన్యువును విడదీసి మార్టిన్ చాల్ఫీకీ రోజర్ చెన్‌కూ పంపాడు. 1994లో చాల్ఫీ దాన్ని చిన్న పురుగులో వెలిగించాడు, చెన్ దాన్ని రంగురంగులుగా మార్చాడు. 2008 నోబెల్ షిమోమురా, చాల్ఫీ, చెన్‌లకు వచ్చింది. ఈ జీఎఫ్‌పీ గొప్పతనం ఏమిటంటే అది ప్రోటీన్, కాబట్టి కణం తన ప్రోటీన్లకు వాడే పిన్‌కోడ్‌లనే దీనికీ అంటించొచ్చు. ప్రోటీన్ల మీద వాటి అడ్రస్ వాటిలోనే రాసి ఉంటుందని చూపించినందుకే గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ ఇచ్చారు. సిగ్నల్ ముక్క ముందు తగిలించి చివర కెడెల్ అనే నాలుగు అమైనో ఆమ్లాలు కలిపితే ఈఆర్‌లో ఉండిపోతుంది, వేరే ముక్క తగిలిస్తే మైటోకాండ్రియాకు వెళ్తుంది. వోల్టేజ్ తర్వాత పోయినా, లోపలికి చేరిన జీఎఫ్‌పీ అక్కడే ఉంటుంది. అందుకే జీఎఫ్‌పీతో మైటోకాండ్రియా ఆకారం, టీఎంఆర్‌ఎంతో వోల్టేజ్, రెండూ ఒకే కణంలో కలిపి చూడటం మంచి పద్ధతి.

కానీ దీనికీ లోటు లేకపోలేదు. జన్యువును కణంలోకి ఎక్కించాలి, రోజు పడుతుంది, కొన్ని కణాలు ఎక్కించుకోనే ఎక్కించుకోవు, ఎక్కించుకున్నవి ఒక్కోసారి ఆ ప్రోటీన్‌ను గుట్టలుగా తయారు చేసి కణాంగం రూపాన్నే మార్చేస్తాయి. పైగా మామూలుగా వాడే జీఎఫ్‌పీకి ఆమ్లం పడదు, లైసోసోమ్ లోపలికి వెళ్తే ఆరిపోతుంది. ఈ బలహీనతనే ఎవరో పనికొచ్చేలా మలిచారు చూడండి: ఆమ్లంలో ఆరిపోయే పచ్చ జీఎఫ్‌పీనీ, ఆమ్లాన్ని తట్టుకునే ఎర్ర ప్రోటీన్ ఎంచెర్రీనీ కలిపి, కణం తన చెత్తను మూటగట్టే చోట కూర్చునే ఎల్‌సీ3 అనే ప్రోటీన్‌కు తగిలించారు. చెత్త మూట బయట ఉన్నంతసేపూ పచ్చా ఎరుపూ కలిసి పసుపు. అది లైసోసోమ్‌తో కలవగానే పచ్చ ఆరిపోయి ఎరుపు ఒక్కటే మిగులుతుంది. పసుపు చుక్క ఎర్రబడటాన్ని తెర మీద చూస్తే చెత్త మూట గమ్యం చేరిందని తెలిసిపోతుంది. డై గుణం తెలియకపోతే అదే మోసం, తెలిస్తే అదే కొలత.

ఆ కొలత అనే మాటలో బెంగళూరుకూ భాగం ఉంది. 2009లో ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో, బళ్లారి రోడ్డు మీద జీకేవీకే క్యాంపస్‌లో, యమునా కృష్ణన్ బృందం డీఎన్‌ఏతోనే ఒక చిన్న యంత్రం చేసింది. ఐ-స్విచ్ అన్నారు. సైటోసిన్ ఎక్కువున్న డీఎన్‌ఏ కొసలు ఆమ్లంలో ఒకదాన్నొకటి పట్టుకుని మడుచుకుంటాయి, ఆమ్లం తగ్గితే విడిపోతాయి. ఆ కొసలకు రెండు రంగుల డైలు తగిలించారు. మడుచుకున్నప్పుడు రెండూ దగ్గరకొచ్చి ఒకదాని శక్తి ఇంకోదానికి దూకుతుంది, రంగు మారుతుంది. ఈగ రక్తకణాలకు దాన్ని మింగించి, మింగిన సంచి ఎండోసోమ్ దశలు దాటుతూ క్రమంగా ఆమ్లంగా మారడాన్ని అంకెల్లో చూపించారు, 2011లో బతికున్న పురుగులోనే చేసి చూపించారు. దీని అసలు బలం రెండు రంగుల నిష్పత్తిలో ఉంది. ఒకే రంగు డై మసకబారితే డై తగ్గిందో, ఆమ్లం తగ్గిందో, లేజర్ తగ్గిందో తెలీదు. రెండు రంగుల నిష్పత్తికి డై ఎంతుందన్న గొడవ లేదు. రోజర్ చెన్ 1985లో కాల్షియం కొలవడానికి ఫ్యూరా-2 చేసినప్పటి నుంచీ ఉన్న ఆలోచనే ఇది. ఇప్పుడు ఆ నిష్పత్తిని సంచి సంచికీ విడిగా చదవొచ్చు. ఈ ఊళ్లో పని చేస్తూ ఆ పేపర్ చదివినప్పుడు నాకు గర్వంగా అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

మళ్లీ నెల్లూరు అమ్మాయి దగ్గరికి వస్తాను. ఆ రాత్రి చెప్పిందంతా విని, తర్వాతి స్లాట్‌కు తనే ప్లాన్ వేసుకుంది. ముందు రోజే అన్ని డిష్‌లకూ అలెక్సా 647 అనే డై తగిలించిన డెక్స్‌ట్రాన్ మేపింది. పచ్చ రంగు డెక్స్‌ట్రాన్ ఫ్రిజ్‌లో ఉన్నా ముట్టుకోలేదు, ఎందుకంటే లైసోట్రాకర్ రెడ్ గట్టి లైటు కింద కొంత పచ్చగా మారిపోతుందని, ఆ పచ్చను డెక్స్‌ట్రాన్ అనుకునే ప్రమాదముందని చదువుకుని వచ్చింది. ఒక డిష్ మామూలుది, ఒకటి తను పరీక్షించే మందుది, ఒకటి బాఫిలోమైసిన్‌ది, ఒకటి ఏ డై లేనిది. అన్నిటికీ ఒకే లేజర్ పవర్, ఒకేన్ని ఫోటోలు, వరుస మాత్రం చీటీలు తీసి నిర్ణయించుకుంది.

బాఫిలోమైసిన్ డిష్ పెట్టేసరికి పదకొండు కావస్తోంది. ఎరుపు ఛానెల్ తెరిస్తే తెర మొత్తం నలుపు, అక్కడక్కడా నాలుగు చుక్కలు. తను నా వైపు చూసి, ఏమీ అనకుండా డెక్స్‌ట్రాన్ ఛానెల్ నొక్కింది. కేంద్రకం పక్కన గుంపుగా, కణం అంచుల దాకా చెదిరి, వందలాది చుక్కలు.

"అన్నీ ఈడనే ఉండాయి అక్కా," అంది.

తర్వాత మందు పెట్టిన డిష్ పెట్టాం. ఎరుపు సగమే ఉంది, డెక్స్‌ట్రాన్ చుక్కలు మామూలు డిష్‌లో ఉన్నన్నే ఉన్నాయి. తను నోట్‌బుక్ తెరిచి, పోయిన నెల రాసుకున్న పేజీలో లైసోసోముల సంఖ్య అన్న హెడ్డింగ్‌ను ఒక గీతతో కొట్టేసి, పైన ఆమ్లంగా ఉన్న సంచుల సంఖ్య అని రాసింది, పక్కన తేదీ వేసింది.